స్కాట్లాండ్ బడిపిల్లలతో గ్యాలిక్ భాషను, ఊరి వారసత్వాన్ని పరిశోధించడం ఎలా? ఒక సమగ్ర మార్గదర్శి

పిల్లలకు మాతృభాషతో పాటు మరో రెండు భాషలు నేర్పాలన్న విధానాన్ని స్కాట్లాండ్ ప్రభుత్వం 2012లో చేపట్టింది. దాంతో స్కాట్లాండ్ పాత భాషల్లో ఒకటైన గ్యాలిక్ మాట్లాడే ఇల్లు ఒక్కటైనా లేని వాడల్లోని ప్రాథమిక పాఠశాలల్లో కూడా ఆ భాష వినిపించడం మొదలైంది. అయితే చాలా తరగతుల్లో ఆ పరిచయం పలకరింపులు, రంగులు, అంకెలతోనే ఆగిపోతుంది. తమ బడి ముందున్న వాగు పేరు, దాని వెనకున్న కొండ పేరు, బస్సు మీద రాసి ఉన్న ఊరి పేరు కూడా ఆ భాషవేనని తెలియకుండానే పిల్లలు పై తరగతికి వెళ్లిపోతారు. ఊరి చరిత్రను వేరుగా, భాషను వేరుగా బోధించినంత కాలం రెండూ పైపైనే మిగిలిపోతాయని, రెండింటినీ ఒకే పనిగా చేయిస్తే తొమ్మిదేళ్ల పిల్లలు సైతం నిజమైన పరిశోధకుల్లా పని చేయగలరని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ మార్గదర్శి ప్రైమరీ 5 నుంచి 7 వరకు, అంటే సుమారు తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వయసు పిల్లల కోసం ఉద్దేశించినది. దీన్ని నడిపించవలసింది ఉపాధ్యాయులే అయినా, గ్లాస్గో, ఎడిన్‌బరో, అబర్డీన్ వంటి నగరాల్లో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు ఇందులో చేయగలిగిన పని వారు అనుకునేదానికంటే చాలా ఎక్కువ. మొదటే ఒక మాట చెప్పాలి. ఐర్లాండ్ భాష గ్యాలిక్‌కు తోబుట్టువే అయినా వేరే భాష. స్కాట్లాండ్ భాషను అక్కడివారు ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కూడా "గ్యాలిక్" అనే పలుకుతారు కాబట్టి పిల్లలకు మొదటి రోజు నుంచే అలా అలవాటు చేయాలి.

మొదటి దశ: మీ నేల ఎలాంటిదో తెలుసుకోండి

పని మొదలుపెట్టేముందు పరిశోధన హద్దును గీసుకోవాలి. పిల్లలు నడిచి వెళ్లగలిగినంత మేర, మహా అయితే బడి పరిధిలోని పాత పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) వరకు చాలు. "హైలాండ్స్ చరిత్ర" అని ఉత్తర, పశ్చిమ కొండప్రాంతం మొత్తానికీ కలిపి పెద్ద పేరు పెట్టుకుంటే పిల్లలు పుస్తకాల నుంచి ఎత్తిరాయడం తప్ప సొంతంగా కనిపెట్టేది ఏమీ ఉండదు.

ఆ తరువాత, ఆ హద్దులోపల గ్యాలిక్ స్థితి ఏమిటో నిజాయితీగా నిర్ణయించుకోవాలి. లూయిస్, హారిస్, యూయిస్ట్, బారా దీవుల్లో ఇది ఇప్పటికీ కొన్ని ఇళ్లలో, దుకాణాల్లో, చర్చిల్లో వినిపించే భాష. 2022 జనాభా లెక్కల ప్రకారం ఆ పశ్చిమ దీవుల్లో సుమారు 57 శాతం మందికి గ్యాలిక్ ఎంతో కొంత తెలుసు. ప్రధాన భూభాగంలోని హైలాండ్స్‌లో చాలా చోట్ల అది తాతముత్తాతల కాలం నాటి వాడుక భాష. అక్కడ పేర్లు, పాటలు, ఒకరిద్దరు వృద్ధులు మిగిలి ఉంటారు. గ్లాస్గో, ఎడిన్‌బరోల్లో రెండు పొరలు కనిపిస్తాయి: మధ్యయుగం నాటి స్థలనామాలు ఒకటి, పందొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాల్లో పని వెతుక్కుంటూ వచ్చిన హైలాండ్ కుటుంబాల జ్ఞాపకాలు మరొకటి. గ్లాస్గో సెంట్రల్ స్టేషన్ దగ్గర ఆర్గైల్ వీధి మీదుగా సాగే రైలు వంతెనను ఇప్పటికీ "హీలన్‌మన్స్ అంబ్రెల్లా", అంటే హైలాండ్ మనిషి గొడుగు అని పిలుస్తారు. వానలో తల దాచుకుంటూ తమ భాషలో కబుర్లు చెప్పుకోవడానికి హైలాండ్ వలసజనం అక్కడ కలుసుకునేవారు. ఇక ఆర్క్నీ, షెట్లాండ్ దీవుల్లో బడి ఉంటే, అక్కడి పాత భాష వైకింగుల నార్స్ కుటుంబానికి చెందిన నార్న్ కాబట్టి ఈ పనిని ఆ భాష మీద చేయించాలి. లేని గ్యాలిక్ వారసత్వాన్ని కల్పించి చెప్పడం పిల్లలకూ, ఆ దీవులకూ అన్యాయమే.

రెండవ దశ: ఉపాధ్యాయులు ముందుగా తెలుసుకోవలసిన చరిత్ర

వృద్ధులతో మాట్లాడే ముందు, ఈ భాష చుట్టూ ఎంత బాధ పేరుకుని ఉందో పెద్దలు తెలుసుకోవాలి. 1616లో స్కాట్లాండ్ ప్రివీ కౌన్సిల్ (రాజు సలహా మండలి) పారిష్ బడులు పెట్టాలని ఉత్తర్వు ఇచ్చినప్పుడు, గ్యాలిక్‌ను తొలగించడం కూడా ఆ ఉత్తర్వు ఉద్దేశాల్లో ఒకటి. 1872 విద్యాచట్టం చదువును నిర్బంధం చేసింది కాని గ్యాలిక్ ఊసే ఎత్తలేదు. ఆ తరువాతి తరాల పిల్లల్లో కొందరు బడిలో తమ భాష మాట్లాడినందుకు దెబ్బలు తిన్నారు. కొన్ని చోట్ల శిక్షగా మెడలో కర్ర వేలాడదీసేవారు. 1891 లెక్కల్లో రెండున్నర లక్షలకు పైగా గ్యాలిక్ మాట్లాడేవారు ఉండగా, 2022 నాటికి చదవడం, రాయడం, అర్థం చేసుకోవడంతో సహా ఏ కొంచెం నైపుణ్యం ఉన్నవారినైనా కలుపుకొంటే తేలిన సంఖ్య 1,30,161, అంటే జనాభాలో 2.5 శాతం.

భాషను నిలబెట్టే ప్రయత్నాల వరుస కూడా తెలిసి ఉండాలి. 1985లో గ్లాస్గో, ఇన్వర్‌నెస్ నగరాల్లో గ్యాలిక్ మాధ్యమ తరగతులు మొదలయ్యాయి. 2005 చట్టం వల్ల గ్యాలిక్ అభివృద్ధి కోసం పనిచేసే బోర్డ్ నా గాలిక్ అనే సంస్థకు చట్టబద్ధత వచ్చింది. 2025లో ఆమోదం పొందిన స్కాటిష్ భాషల చట్టం గ్యాలిక్‌కూ, స్కాట్స్ అనే మరో స్థానిక భాషకూ అధికార హోదా ఇచ్చింది. తెలుగు తల్లిదండ్రులకు ఉపయోగపడే విషయం ఒకటుంది: 2016 విద్యాచట్టం ప్రకారం, గ్యాలిక్ మాధ్యమ ప్రాథమిక విద్య కావాలని స్థానిక కౌన్సిల్‌ను కోరే హక్కు తల్లిదండ్రులకు ఉంది. ఇంట్లో ఆ భాష మాట్లాడేవారు ఉండాలన్న షరతు ఏమీ లేదు.

మూడవ దశ: రెండు వారాల పాటు చెవికి పని చెప్పండి

పటాలు తెరిచేముందు పిల్లలకు భాష ధ్వని తెలియాలి, ఎందుకంటే గ్యాలిక్ వర్ణక్రమాన్ని ఇంగ్లీషు అలవాటుతో చదివితే ఏ పేరూ సరిగా పలకదు. లర్న్‌గ్యాలిక్ వెబ్‌సైటులోని నిఘంటువులో మాటల ఉచ్చారణ వినవచ్చు. బీబీసీ వారి రేడియో నన్ గేల్, 2008లో మొదలైన బీబీసీ ఆల్బా టీవీ చానల్ రోజూ అందుబాటులో ఉంటాయి. డ్యుయోలింగోలో 2019 నుంచి స్కాటిష్ గ్యాలిక్ పాఠాలు ఉన్నాయి. రోజుకు పది నిమిషాలు వినిపించి, "మదిన్ వా" అన్న ఉదయపు పలకరింపును, "కిమర్ అ హా షివ్" అన్న కుశలప్రశ్నను, "తాపా లేవ్" అన్న కృతజ్ఞతను నోటికి పట్టించాలి.

తెలుగు ఇంట్లో పెరిగే పిల్లలకు ఇక్కడ ఒక మంచి అవకాశం దొరుకుతుంది. గ్యాలిక్‌లో మాట మొదటి అక్షరం సందర్భాన్ని బట్టి మెత్తబడుతుంది; "మ" ధ్వని "వ" అవుతుంది, "బ" కూడా "వ" అవుతుంది. తల్లి, తండ్రి అన్న మాటలు కలిసి తల్లిదండ్రులు అయినప్పుడు "త" స్థానంలో "ద" రావడం, అంటే మన వ్యాకరణంలోని గసడదవాదేశం, ఎరిగిన బిడ్డకు ఈ మార్పు వింతగా తోచదు. అలాగే "నా దగ్గర పుస్తకం ఉంది" అని మనం చెప్పినట్టే గ్యాలిక్ కూడా చెబుతుంది. ఇంగ్లీషులో ఉన్నట్టు "కలిగి ఉండు" అనే క్రియ దానికి లేదు. "వచ్చావా?" అంటే "వచ్చాను" అని క్రియతోనే జవాబు చెప్పే పద్ధతి కూడా రెండింటికీ ఉంది. రెండు భాషలకూ చుట్టరికం లేకున్నా, ఇలాంటి పోలికలను తరగతిలో చెప్పే అవకాశం తెలుగు పిల్లలకు ఇస్తే, ఇంటి భాష కూడా చదువుకు పనికొచ్చే వస్తువేనని వారికి అర్థమవుతుంది.

నాలుగవ దశ: పేర్ల పటం తయారు చేయండి

మొత్తం పనికి ఇదే వెన్నెముక కాబట్టి దీనికి కనీసం మూడు వారాలు కేటాయించాలి.

ముందుగా పిల్లలకు పేర్లలో పదేపదే వచ్చే మాటల చిన్న జాబితా ఇవ్వాలి. ఇంగ్లీషు పటాల్లో "ఇన్వర్" అని మొదలయ్యే పేరుకు మూలమైన గ్యాలిక్ మాటకు నదీముఖం అని అర్థం. "బెన్" అంటే పర్వతం, "గ్లెన్" అంటే లోయ, "డ్రమ్" అంటే పొడవైన కొండమిట్ట, "బల్" అంటే ఊరు, "ఆఖ్" లేదా "ఆఖిన్" అంటే పొలం, "కిన్" అంటే కొస, "కిల్" అంటే పాతకాలపు చర్చి, "డన్" అంటే కోట, "కైల్" అంటే ఇరుకైన జలసంధి. వీటితో పాటు మోర్ (పెద్ద), బెక్ (చిన్న), దు (నల్లని), బాన్ (తెల్లని), జెరక్ (ఎర్రని) వంటి విశేషణాలు చాలు. ఈ పదిహేను మాటలతోనే పిల్లలు తమ పటంలోని పేర్లలో చాలావాటిని విడదీయగలుగుతారు.

తరువాత ప్రతి జంటకు ఐదేసి పేర్లు అప్పగించి, నాలుగు విషయాలు రాయమనాలి: నేటి రూపం, పాత రూపాలు, గ్యాలిక్ రూపం, నేల మీద ఆ చోటు ఎలా ఉందన్నది. గ్యాలిక్ రూపాల కోసం ఎనమన్ ఆచె నా హలప అనే జాతీయ స్థలనామ సంస్థ వారి దత్తాంశాన్ని ముందు చూడాలి. పాత రూపాల కోసం స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులోని పటాలు అమూల్యమైనవి. 1747 నుంచి 1755 వరకు జరిగిన రాయ్ సైనిక సర్వే మొదలుకొని ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ పటాల సంస్థ పందొమ్మిదో శతాబ్దంలో గీసిన, మైలుకు ఆరంగుళాల కొలత గల పటాల దాకా అక్కడ ఉచితంగా చూడవచ్చు; పాత పటాన్ని, నేటి ఉపగ్రహ చిత్రాన్ని పక్కపక్కన పెట్టే వీలు కూడా ఉంది.

నిఘంటువులో వెతికేటప్పుడు పిల్లలు తరచూ చిక్కుకునే చోటు ఒకటుంది. మొదటి హల్లు పక్కన హెచ్ అక్షరం చేరి ఉంటే, ఆ హెచ్‌ను తీసివేసి వెతకాలి. మల్ దీవిలోని టోబర్‌మోరీ ఊరి గ్యాలిక్ పేరులో రెండవ మాట "వొరె" అని పలుకుతుంది. హెచ్ తీసేస్తే అది "మొరె", అంటే మేరీమాత. మేరీమాత బావి అన్న అర్థం అప్పుడు తేలుతుంది.

ఈ పని ఎంత దూరం తీసుకువెళ్లగలదో చెప్పడానికి బలాహులిష్ మంచి ఉదాహరణ. గ్లెన్‌కో లోయ ముఖద్వారం దగ్గర లాఖ్ లీవెన్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఆ ఊరి పేరుకు "జలసంధి దగ్గరి ఊరు" అని అర్థం. పిల్లలు పటం చూస్తే జలసంధి ఊళ్లో లేదు, పడమరగా కొంత దూరంలో, 1975లో వంతెన కట్టేవరకు పడవలు దాటించిన చోట ఉంది. మరి పేరు ఇక్కడికి ఎలా వచ్చింది? పాత పటాలు తెరిస్తే నేటి ఊరి స్థానంలో ఈస్ట్ లారఖ్, వెస్ట్ లారఖ్ అనే రెండు పల్లెలు కనిపిస్తాయి. పదిహేడో శతాబ్దం చివర మొదలై 1955లో మూతపడిన పలకరాతి గనుల చుట్టూ ఎదిగిన ఆ పల్లెలు కాలక్రమంలో పొరుగు ప్రాంతం పేరును తీసుకున్నాయి, లారఖ్ అన్న పాత పేరు వాగుకు మిగిలింది. ఒక్క పేరును వెంబడిస్తే పడవరేవు, గని, ఇళ్ల కప్పుల మీది నల్ల పలకలు, వలస అన్నీ పిల్లల చేతికి అందుతాయి. ఆ ఊరి మీద నిలిచిన శిఖరాల్లో ఒకదాని పేరు "స్గోర్ యెరక్". అది ఎర్ర శిఖరమని తెలుసుకున్నాక, ఏ వేళ, ఏ వెలుగులో అలా కనిపిస్తుందో పిల్లలు తమంతట తామే కిటికీలోంచి గమనిస్తారు.

ఊహతో అర్థం చెప్పడాన్ని మాత్రం గట్టిగా అడ్డుకోవాలి. గ్లాస్గోలోని డ్రమ్‌చాపెల్ పేరు చివర ప్రార్థనామందిరం అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాట "చాపెల్" వినిపిస్తుంది, కాని అసలు అర్థం గుర్రపు మిట్ట. అబర్డీన్‌లోని "అబర్" గ్యాలిక్ కంటే పాతదైన, పిక్ట్‌లు అనే ప్రాచీన జనం భాషది. పిట్లాఖ్రీ మొదట్లోని "పిట్" కూడా ఆ భాషదే. గ్లాస్గో పేరు కూడా, వెల్ష్ భాష పుట్టిన బ్రిటానిక్ శాఖ మూలం కలది. లూయిస్‌లోనైతే వైకింగుల నార్స్ పేర్లు గ్యాలిక్ ఉచ్చారణలో ఒదిగిపోయి ఉంటాయి, స్టోర్నవే అలాంటిదే. తేలని పేరు ఎదురైతే "ఇంకా తేలలేదు" అని పటం మీద రాయించాలి. అలా రాయగలగడం ఈ వయసులో నేర్వదగిన గొప్ప క్రమశిక్షణ అని నా అభిప్రాయం.

రంగుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. గ్యాలిక్‌లో "గొరొమ్" అనే రంగు ఆకాశపు నీలాన్నీ, పచ్చికలోని పచ్చదనాన్నీ సూచిస్తుంది. "గ్లస్" బూడిద రంగుకూ పచ్చకూ మధ్య ఎక్కడో ఉంటుంది. ఈ "గొరొమ్" మాట దాగి ఉన్న కెయిర్న్‌గార్మ్స్ అనే పేరుతో ఇంగ్లీషువారు పిలిచే పర్వతశ్రేణికి గ్యాలిక్ పేరు మాత్రం "ఎర్రని కొండలు" అన్న అర్థమిచ్చే అమ్ మొనగ్ రువగ్.

ఐదవ దశ: పాత రికార్డులు చదివించండి

ఆర్డ్‌నెన్స్ సర్వే వారు పటాలు గీసేటప్పుడు ప్రతి పేరుకూ రాసుకున్న నేమ్ బుక్స్ ఇప్పుడు స్కాట్లాండ్స్‌ప్లేసెస్ వెబ్‌సైటులో ఉచితంగా చదవవచ్చు. ఆ పేజీల్లో పేరు, దాని వేర్వేరు వర్ణక్రమాలు, వాటికి సాక్ష్యం చెప్పిన స్థానికుల పేర్లు, స్థల వర్ణన ఉంటాయి. సాక్షులు ఎవరో గమనించమని పిల్లలను అడగాలి. భూస్వామి, మతబోధకుడు, బడిపంతులు కనిపించినంతగా చిన్న కౌలుదార్లు, ఆడవారు కనిపించరు. ఎవరి నోటి నుంచి వచ్చిన పేరు పటానికెక్కింది, ఎవరిది ఎక్కలేదు అన్న ప్రశ్న పదేళ్ల పిల్లలకు కూడా చక్కగా అర్థమవుతుంది.

సర్ జాన్ సింక్లెయిర్ నూట అరవైకి పైగా ప్రశ్నలు పారిష్ మతబోధకులకు పంపి, వారి జవాబులను 1791 నుంచి 1799 మధ్య స్టాటిస్టికల్ అకౌంట్‌గా ప్రచురించాడు. జనం ఏ భాష మాట్లాడేవారో చాలా పారిష్‌ల జవాబుల్లో ఉంటుంది. 1834 నుంచి 1845 వరకు వచ్చిన రెండవ శ్రేణితో పోల్చితే ఆ నలభై, యాభై ఏళ్లలో భాష ఎటు కదిలిందో తెలుస్తుంది.

తెలుగువారికి ఇక్కడ ఒక నిజమైన బంధుత్వం ఉంది, దాన్ని తరగతిలో తప్పక చెప్పాలి. సింక్లెయిర్ స్కాట్లాండ్ పారిష్‌ల నుంచి జవాబులు సేకరించిన కాలానికి కొంచెం అటూ ఇటూగా, లూయిస్ దీవిలోని స్టోర్నవేలో పుట్టిన కాలిన్ మెకంజీ దక్షిణ భారతంలో ఊరూరి చరిత్రలను సేకరింపజేశాడు. కావలి బొర్రయ్య, ఆయన సోదరులు లక్ష్మయ్య, రామస్వామి తదితరులు గ్రామాల్లో తిరిగి, కరణాలను, పెద్దలను అడిగి రాసి తెచ్చిన కైఫీయతులు ఈనాటికీ మన ఊళ్ల చరిత్రకు ఆధారాలు. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో మరణించాడు. తెలుగు తల్లిగానీ తండ్రిగానీ తమ సొంత ఊరి కైఫీయతు అచ్చుప్రతి నుంచి ఒక పేజీని తరగతికి తెచ్చి చదివి వినిపిస్తే, ఊరి కథను ఊరివారి నోట విని రాసుకునే పని రెండు దేశాల్లోనూ ఒకే రకమైన శ్రమ అని పిల్లలు గ్రహిస్తారు. సేకరించినది దొరగారి పేరిట భద్రమైంది, తిరిగినవారు, అడిగినవారు మనవారు. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాలి.

జనాభా లెక్కల్లో గ్యాలిక్ గురించిన ప్రశ్న మొదటిసారి 1881లో అడిగారు. నూరేళ్ల గోప్యత నియమం వల్ల 1921 వరకు ఉన్న పత్రాలు మాత్రమే స్కాట్లాండ్స్ పీపుల్ వెబ్‌సైటులో చూడగలం. మీ బడి పాతదైతే లాగ్‌బుక్ కోసం కౌన్సిల్ ఆర్కైవ్స్‌ను అడగాలి. పీట్ (పొయ్యిలో వంటచెరకుగా వాడే చిత్తడినేల మట్టి) కోతకు, బంగాళాదుంపల తవ్వకానికి వెళ్లి పిల్లలు బడి మానేశారని ప్రధానోపాధ్యాయులు రాసుకున్న వాక్యాలు పిల్లలను ఇట్టే ఆకట్టుకుంటాయి.

ఆరవ దశ: నేల మీదికి వెళ్లండి

పశ్చిమ తీరంలో మే నెల మొదటి సగం ఇందుకు అనువైనది. ఆ తరువాత మిడ్జ్ దోమల బెడద మొదలవుతుంది. గడ్డిలో, ఫెర్న్ పొదల్లో టిక్స్ (పిడుదులు) ఉంటాయి, వాటి కాటు వల్ల లైమ్ వ్యాధి రావచ్చు కాబట్టి పొడవు ప్యాంట్లు, మేజోళ్లు వేయించి, ఇంటికి చేరాక ఒళ్లంతా చూసుకోమని తల్లిదండ్రులకు ముందుగానే చీటీ పంపాలి. 2003 భూసంస్కరణ చట్టం బాధ్యతతో కూడిన సంచార హక్కును అందరికీ ఇచ్చింది. అయినా గొర్రెలు ఈనే కాలంలో మందల పక్కగా వెళ్లేముందు ఆ రైతుకు ఒక మాట చెప్పడం మర్యాద.

తవ్వకూడదు, రాయి కదల్చకూడదు. చట్టరక్షణలో ఉన్న పురాతన స్థలాల్లో అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటం నేరం. స్కాట్లాండ్‌లో నేలలో దొరికిన పురావస్తువు దొరికినవారిది కాదు, దాన్ని ట్రెజర్ ట్రోవ్ విభాగానికి తెలియజేయాలి. పిల్లలు చేయవలసింది చూడటం, కొలవడం, గీయడం, ఫొటో తీయడం. వేసవిలో పశువులను మేపుకుంటూ కొండమీద నివసించిన గుడిసెల పునాదులు, అంటే ఆరి, పచ్చిక రంగు తేడా వల్ల దూరం నుంచే కనిపిస్తాయి. ఎత్తుగా మట్టి పోసి బంగాళాదుంపలు పండించిన పాత మళ్ల చారలు సాయంకాలపు ఏటవాలు వెలుగులో స్పష్టపడతాయి. పేరు చెప్పినదీ, కంటికి కనిపించేదీ సరిపోయాయో లేదో అక్కడికక్కడే నోటుపుస్తకంలో రాయించాలి.

ఏడవ దశ: పెద్దల మాట రికార్డు చేయండి

ఎంత పటం చదివినా, ఒక వృద్ధురాలు తన వాగు పేరు తన గొంతుతో పలికినప్పుడు దొరికేది మరెక్కడా దొరకదు. దీవుల్లో, హైలాండ్స్‌లో స్థానిక చరిత్ర సంఘాలను, అంటే కొమన్ ఎఖ్‌ద్రిలను సంప్రదించాలి; లూయిస్‌లోని నెస్ సంఘం 1977 నుంచి పనిచేస్తోంది. నగరాల్లో గ్యాలిక్ గాయక బృందాలు, గ్యాలిక్ ఆరాధన జరిగే చర్చిలు, వృద్ధాశ్రమాలు దారి చూపుతాయి. ఎడిన్‌బరోలో గ్రేఫ్రయర్స్ చర్చిలో గ్యాలిక్ ఆరాధన జరుగుతుంది.

అనుమతి పత్రంలో మూడు ప్రశ్నలు విడివిడిగా ఉండాలి: రికార్డు చేయవచ్చునా, తరగతిలో వినిపించవచ్చునా, ఇంటర్నెట్‌లోగానీ ఆర్కైవ్‌లోగానీ పెట్టవచ్చునా. మూడింటికీ ఒకే సంతకం తీసుకోవడం సరికాదు. తరువాత మనసు మార్చుకుంటే తీసివేస్తామని కూడా అందులో రాయాలి. పిల్లల ఫొటోలకు, గొంతుకు వారి తల్లిదండ్రుల అనుమతి వేరుగా కావాలి. ఇంటర్వ్యూ జరుగుతున్నంతసేపూ బడి సిబ్బంది అదే గదిలో ఉండాలి.

గ్యాలిక్‌లో నువ్వు, మీరు తేడా ఉంది. తోటివారిని "ఊ" అని, పెద్దవారిని "షివ్" అని సంబోధించాలి. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పిల్లలకు దీన్ని పదేపదే అభ్యాసం చేయించాలి; తాతగారిని మీరు అనడం అలవాటైన తెలుగు బిడ్డ ఈ పాఠాన్ని తోటివారికి నేర్పగలడు.

ప్రశ్నలు వస్తువుల మీద, చోట్ల మీద ఉండాలి. "మీ చిన్నతనం గురించి చెప్పండి" అంటే రెండు మర్యాద వాక్యాలు వస్తాయి. పెద్ద అచ్చులో పటం పరచి, "పీట్ ఎక్కడ కోసేవారు? ఎవరు కోసేవారు, ఎవరు విసిరి పరిచేవారు? ఆ చోటును ఇంట్లో ఏమనేవారు?" అని అడిగితే, పటంలో ఎన్నడూ ఎక్కని పేర్లు బయటకు వస్తాయి. ఒకే ఇంటిపేరు ఊరంతా ఉన్న చోట మనుషులను తండ్రి, తాతల పేర్ల వరుసతో గుర్తించే స్లోన్యగ్ పద్ధతిని కూడా అడగాలి: "ఈయన్ అలస్టర్ వురుఖి" అంటే మురుఖగ్ కొడుకైన అలస్టర్‌కు కొడుకు ఈయన్. బడి రోజుల గురించి పిల్లలు అడగాలనుకుంటే ఆ ప్రశ్నను చివర ఉంచి, జవాబు చెప్పకపోవడం వారి హక్కని ముందే చెప్పాలి. పెద్దలు మౌనంగా ఉన్నప్పుడు తొందరపడి తదుపరి ప్రశ్న వేయకూడదని పిల్లలకు నేర్పితే చాలు. చాలాసార్లు అసలు మాట ఆ మౌనం తరువాతే వస్తుంది.

ఫోను సరిపోతుంది. దాన్ని మడతపెట్టిన గుడ్డ మీద ఉంచి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, గదిలోని ఫ్రిజ్, గోడగడియారం చప్పుడు లేకుండా చూసుకోవాలి. వీలైతే వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేసి, అదే రోజు రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. నలభై నిమిషాలు మించకూడదు.

వినడం నేర్పడానికి, ఇంటర్వ్యూకు ముందే టోబర్ అన్ దువల్ఖష్ వెబ్‌సైటులోని పాత రికార్డింగులు వినిపించడం మంచిది. 1951లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఏర్పడిన స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ సేకరణలు, బీబీసీ సేకరణలు, క్యానా దీవి సేకరణ అందులో ఉన్నాయి. స్థలం పేరుతో వెతికితే తమ ఊరి గొంతే దొరికే అవకాశం ఉంది. ఉన్ని గుడ్డను బల్ల మీద కొడుతూ ఆడవారు పాడిన లువగ్ పాటలు పిల్లలు తొందరగా పట్టుకుంటారు, ఎందుకంటే పల్లవి అందరిదీ, చరణం ఒక్కరిది.

ఎనిమిదవ దశ: సరిచూసి, రూపం ఇవ్వండి

రాతలో పెట్టిన గ్యాలిక్ మాటలను భాష బాగా తెలిసినవారు చూడకుండా గోడ మీద అంటించకూడదు. యంత్రానువాదం మీద ఆధారపడవద్దు. హెచ్ అక్షరాలు, అచ్చుల మీది వాలు గీతలు తప్పితే అర్థమే మారిపోతుంది. మాట్లాడిన పెద్దలకు కూడా రాతప్రతిని చదివి వినిపించి, బతికి ఉన్న మూడో మనిషి గురించి ఏదైనా ఉంటే తీసివేయాలి.

రూపం విషయంలో నా మొగ్గు నడకదారి పటం వైపు. ఒక గంటలో నడవగలిగిన దారిలో ఎనిమిది, పది చోట్లు, ఒక్కో చోట పేరు, గ్యాలిక్ రూపం, ఇంగ్లీషు అర్థం, పెద్దవారి గొంతు వినిపించే క్యూఆర్ కోడ్ ఉంటే ఊరంతా వాడుకుంటుంది. కెమెరా మీద ఆసక్తి ఉన్న తరగతి, గ్యాలిక్ లఘుచిత్రాల కోసం 2008 నుంచి జరుగుతున్న ఫిల్మ్‌జీ పోటీకి చిత్రం పంపవచ్చు. ఆర్కియాలజీ స్కాట్లాండ్ వారి హెరిటేజ్ హీరో అవార్డు కోసం ఈ పనిని నమోదు చేసుకోవచ్చు.

తొమ్మిదవ దశ: ఊరికి తిరిగి అప్పగించండి

జూన్ మూడవ వారంలో బడి హాలులో కేలీ (పాటలు, కబుర్లతో సాగే సాంప్రదాయ కూటమి) ఏర్పాటు చేసి, మాట్లాడిన పెద్దలను ముందువరుసలో కూర్చోబెట్టి, పిల్లలు తమ పటాన్ని వారికి వివరించాలి. అక్కడ పెద్దలు తప్పులు దిద్దుతారు, మరిచిన పేర్లు చెబుతారు. రాసుకోవడానికి ఇద్దరు పిల్లలను ప్రత్యేకంగా నియమించాలి. ఇతర భాషల కుటుంబాలు తమ సొంత ఊరి పేర్ల పటాన్ని ఒక గోడ మీద పెట్టే చోటు ఉంటే, ఆ సాయంత్రం తెలుగు, పోలిష్, ఉర్దూ కుటుంబాలదీ అవుతుంది.

రికార్డింగులు బడి కంప్యూటరులో మాత్రమే ఉంటే రెండేళ్లలో మాయమవుతాయి. అనుమతి ఉన్నవాటిని తేదీ, స్థలం, మాట్లాడినవారు కోరుకున్న విధంగా పేరు లేదా పేరు లేకుండా ఫైలు పేరులో రాసి, ఒక ప్రతిని స్థానిక చరిత్ర సంఘానికి, ఒక ప్రతిని కౌన్సిల్ గ్రంథాలయానికి లేదా ఆర్కైవ్‌కు, ఒకటి మాట్లాడిన కుటుంబానికి ఇవ్వాలి. అనుమతి పత్రాల ప్రతులను కూడా జతచేయాలి. "ఇంకా తేలలేదు" అని రాసిన పేర్ల జాబితాను వేరుగా తీసి, ఆగస్టులో ప్రైమరీ 5లో అడుగుపెట్టే పిల్లలకు అప్పగించే తేదీని సెలవులకు ముందే బడి క్యాలెండరులో నమోదు చేయాలి.